బడి తర్వాత మెంటారింగ్: ప్రవర్తన సమస్యలున్న పిల్లలకు ఒక తోడు

తల్లిదండ్రులూ టీచరూ కాని ఒక పెద్దవ్యక్తి బడి వదిలాక క్రమం తప్పకుండా పిల్లవాడికి తోడుండే ఏర్పాటును బడి తర్వాతి మెంటారింగ్ అంటారు. ఆ మెంటార్ కాలేజీ విద్యార్థి కావచ్చు, బ్యాంకు ఉద్యోగి కావచ్చు, రిటైరైన పోస్ట్‌మాస్టర్ కావచ్చు. మన దగ్గర పిల్లలు ఇలాంటివాళ్లను అన్నా, అక్కా అనే పిలుస్తారు. వారానికోసారో, నెలకు మూడుసార్లో కలుస్తారు. ఆడుకుంటారు, హోంవర్క్ చూసుకుంటారు, ఎక్కువసేపు కబుర్లు చెప్పుకుంటారు. ట్యూషన్‌లో లెక్క రావడం ముఖ్యం. ఇక్కడ లెక్క రాకపోయినా పర్వాలేదు, వచ్చే వారం కూడా అన్న వస్తాడన్న నమ్మకం కుదరడం ముఖ్యం.

ప్రవర్తన సమస్యలంటే తోటిపిల్లలను కొట్టడం, టీచరుకు ఎదురు తిరగడం, బడి ఎగ్గొట్టడం, వస్తువులు పగలగొట్టడం, చిన్నచిన్న దొంగతనాలు చేయడం లాంటివి. అల్లరికీ వీటికీ తేడా ఉంది. అల్లరి వచ్చి పోతుంది. ఇవి నెలల తరబడి, ఇంట్లోనూ బడిలోనూ కూడా సాగుతాయి. ఇలాంటి పిల్లవాడికి బడిలో దొరికేవి సాధారణంగా దెబ్బలు, వెనక బెంచీ, ఆఖరికి టీసీ. విద్యాహక్కు చట్టం (2009) 17వ సెక్షన్ కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. కొట్టకుండా ఏం చేయాలన్న ప్రశ్న మాత్రం చాలా స్టాఫ్ రూముల్లో అలాగే ఉండిపోయింది. మెంటారింగ్ ఆ ప్రశ్నకు ఒక జవాబు. పూర్తి జవాబు కాదు, కానీ ఇంతగా పరీక్షకు నిలబెట్టి చూసిన జవాబులు తక్కువే.

ఆ పరీక్షల్లో తేలింది క్లుప్తంగా ఇది: ప్రయోజనం నిజమే, కానీ ఒక మోస్తరుగానే ఉంటుంది. అది మెంటార్ ఎంత తెలివైనవాడన్న దానికంటే ఎంత కాలం నిలిచాడన్న దాని మీద ఎక్కువ ఆధారపడుతుంది. మధ్యలో వదిలేస్తే అసలు మొదలుపెట్టకపోవడం కంటే ఎక్కువ నష్టం జరగవచ్చు.

సాయంత్రం వేళ ఎందుకు

అమెరికాలో పోలీసు రికార్డులను గంటల వారీగా విడదీసి చూసినప్పుడు, బడి ఉన్న రోజుల్లో మైనర్లు చేసే హింసాత్మక నేరాలు మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో, అంటే అక్కడ బడి వదిలిన వెంటనే, పతాక స్థాయికి చేరుతున్నట్టు తేలింది. సెలవు రోజుల్లో ఆ శిఖరం రాత్రి వేళకు జరుగుతుంది. బడి వదిలిన వేళ అంటే పిల్లలు గుంపుగా ఉండి, పెద్దవాళ్లెవరూ దగ్గర లేని సమయం. మన పట్టణాల్లోనూ పరిస్థితి ఇంచుమించు ఇదే. బడి నాలుగు దాటాక వదులుతుంది. కూలికో, దుకాణానికో, ఇళ్లల్లో పనికో వెళ్లిన తల్లి గుమ్మంలో అడుగు పెట్టేసరికి చీకటి పడుతుంది. కుదురుగా ఉండే పిల్లవాడికి ఆ రెండు మూడు గంటలు ఆటవిడుపు. పొద్దున తరగతిలో గొడవపడి వచ్చినవాడికి మాత్రం ఆ గొడవను తీర్చుకునే సమయం.

మొండితనం ఎలా ముదురుతుంది

ఒరెగాన్‌లో పనిచేసిన మనస్తత్వవేత్త జెరాల్డ్ ప్యాటర్సన్ ఇళ్లలో కూర్చుని తల్లీపిల్లల మధ్య జరిగే మాటామాటా రాసుకున్నారు. తల్లి ఏదో పని చెప్తుంది, పిల్లవాడు అరుస్తాడు, తల్లి గొంతు పెంచుతుంది, వాడు ఇంకా అరుస్తాడు. అలసిపోయి ఆమె వదిలేస్తుంది. అరిస్తే పని తప్పుతుందని వాడు నేర్చుకున్నాడు. వదిలేస్తే ఇల్లు సద్దుమణుగుతుందని ఆమె నేర్చుకుంది. రోజుకు పదిసార్లు ఈ పాఠం నడుస్తుంటే పిల్లవాడు అదే పనిముట్టు పట్టుకుని బడికి వెళ్తాడు. అక్కడ టీచర్ విసుక్కుంటారు, నెమ్మదస్తులైన పిల్లలు దూరం జరుగుతారు, వాడిలాంటివాళ్లే దగ్గరవుతారు. పదేళ్లు వచ్చేసరికి వాడి గురించి పెద్దవాళ్లు మాట్లాడే ప్రతి మాటా ఫిర్యాదే అవుతుంది.

కెన్నెత్ డాడ్జ్ అనే మరో పరిశోధకుడు ఇంకో సంగతి గమనించారు. దూకుడు ఎక్కువగా ఉన్న పిల్లలు అనుకోకుండా తగిలిన మోచేతిని కూడా కావాలని కొట్టిన దెబ్బగా తీసుకుంటారు. లోకం తన మీదకు వస్తోందని వాళ్లు నిజంగానే నమ్ముతారు. అందుకే నీతి బోధ వాళ్లకు ఎక్కదు. తమను తాము కాపాడుకుంటున్నామనే వాళ్లు అనుకుంటారు మరి.

మెంటార్ పని ఇక్కడే మొదలవుతుంది. ఫిర్యాదు లేని ఒక పెద్దవ్యక్తి, మార్కులు వేయని, కొట్టని, ఇంట్లో చెప్తానని బెదిరించని వ్యక్తి ఆ పిల్లవాడి జీవితంలోకి వస్తాడు. ఈ రంగంలో చాలా కాలం పరిశోధన చేసిన జీన్ రోడ్స్ ప్రకారం మెంటార్ ప్రభావం మూడు దారుల్లో పనిచేస్తుంది. ఒకటి, పెద్దవాళ్లను నమ్మవచ్చన్న అనుభవం. రెండు, మాటల్లో మాటగా ఆలోచన పదునెక్కడం. మూడు, తాను ఏమవగలడో పిల్లవాడికి ఒక కొత్త బొమ్మ కనిపించడం. మొదటిది లేకుండా మిగతా రెండూ రావని మెంటారింగ్ చేసినవాళ్లు అంటారు. మెంటార్‌తో కుదిరిన బంధం చాలాసార్లు తల్లిదండ్రులతో ఉన్న బంధాన్ని కూడా మెరుగుపరుస్తుందని, బడిలో వచ్చే మార్పులో కొంత భాగం ఆ దారినే వస్తుందని రోడ్స్ చూపించారు.

ఈ ఆలోచనకు బలమిచ్చిన అధ్యయనం మెంటారింగ్ గురించి చేసినది కాదు. హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్ బృందం దశాబ్దాల పాటు గమనించింది. పేదరికం, ఇంట్లో గొడవలు, తల్లిదండ్రుల మానసిక వ్యాధులు వంటి ఇబ్బందులు చుట్టుముట్టిన పిల్లల్లో మూడో వంతు మంది చక్కగా ఎదిగారు. వాళ్లలో చాలామందికి ఇంటి బయట తమను పట్టించుకున్న ఒక పెద్ద దిక్కు ఉంది. టీచరో, పక్కింటివారో, చర్చిలో పెద్దో.

ఒక సాయంత్రం ఎలా సాగుతుంది

క్యారమ్స్‌లో ఓడిపోగానే స్ట్రైకర్ విసిరేసే పదేళ్ల పిల్లవాణ్ణి తీసుకుందాం. ఇంట్లో అయితే చెంప మీద ఒకటి పడుతుంది, బడిలో అయితే బోర్డు తీసేస్తారు. శిక్షణ పొందిన మెంటార్ ముందు ఏమీ అనడు. కాసేపాగి తనే లేచి స్ట్రైకర్ తెచ్చి బోర్డు మీద పెట్టి, మళ్లీ ఆడదామా, ఇవాళ్టికి చాలా అని అడుగుతాడు. ఆ రోజుకు అంతే. రెండు మూడు వారాలయ్యాక ఇద్దరూ సైకిల్ తొక్కుతున్నప్పుడో, అరుగు మీద కూర్చుని పల్లీలు తింటున్నప్పుడో ఆ సంగతి ఎత్తుతాడు. విసిరే ముందు ఒంట్లో ఏమైంది? పళ్లు బిగుసుకున్నాయా, చెవులు వేడెక్కాయా? ఆ గుర్తు పిల్లవాడికి తెలిసొస్తే తర్వాతి ఓటమిలో రెండు సెకన్లు చేతికొస్తాయి. తర్వాత ఎప్పుడో మెంటార్ తానే ఓడిపోయి, చిరాకు పడి, ఆ చిరాకును ఎలా దిగమింగుకున్నాడో పైకి చెప్తాడు. చెప్పి నేర్పడం కంటే కళ్లముందు చేసి చూపడం ఇక్కడ ఎక్కువ పనిచేస్తుంది.

మొదటి కొన్ని వారాలు పిల్లవాడు మెంటార్‌ను పరీక్షిస్తాడు. చెప్పిన చోటికి రాడు, బూతు మాట్లాడతాడు, ఫోన్ అడుగుతాడు, డబ్బులు అడుగుతాడు. ఇది చెడ్డతనం కాదు. వెళ్లిపోయేవాడైతే ఇప్పుడే వెళ్లిపొమ్మని చెప్పే పద్ధతి. కొత్త వాలంటీర్లు ఎక్కువగా మానేసేది ఈ దశలోనే. అందుకే మంచి సంస్థలు ప్రతి జంటకూ ఒక కోఆర్డినేటర్‌ను పెట్టి తొలి నెలల్లో తరచుగా ఫోన్ చేయిస్తాయి.

న్యూయార్క్‌లో మొదలు

1904లో న్యూయార్క్ బాలల కోర్టులో గుమాస్తాగా పనిచేస్తున్న ఎర్నెస్ట్ కోల్టర్, రోజూ బోనెక్కే కుర్రాళ్లను చూసి, ఒక్కొక్కరికీ ఒక్కో పెద్దమనిషి అన్నలా నిలబడాలని పిలుపునిచ్చారు. అదే ఆ తర్వాత బిగ్ బ్రదర్స్ ఉద్యమమైంది. అమ్మాయిల కోసం అదే కాలంలో వేరుగా పుట్టిన బిగ్ సిస్టర్స్‌తో 1977లో కలిసిపోయి బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ ఆఫ్ అమెరికా ఏర్పడింది. నేరం చేసిన పిల్లల కోసం మొదలైనది క్రమంగా ఒంటరి తల్లి పెంచే పిల్లలు, పేద పిల్లలు అందరికీ విస్తరించింది.

ఈ సంస్థ పనిని 1995లో పబ్లిక్ ప్రైవేట్ వెంచర్స్ అనే పరిశోధన సంస్థ కొలిచింది. 10 నుంచి 16 ఏళ్ల మధ్య ఉన్న 959 మందిని లాటరీ పద్ధతిలో రెండుగా విడదీశారు. సగం మందికి వెంటనే మెంటార్, మిగతావారికి నిరీక్షణ జాబితా. 18 నెలల తర్వాత చూస్తే మెంటార్ ఉన్నవాళ్లలో మాదకద్రవ్యాలు మొదలుపెట్టే అవకాశం 46 శాతం తక్కువ, మద్యం మొదలుపెట్టే అవకాశం 27 శాతం తక్కువ. ఎవరినైనా కొట్టడం దాదాపు మూడో వంతు తగ్గింది. బడి ఎగ్గొట్టిన రోజులు సగానికి పడిపోయాయి. అక్కడి మెంటార్లు వాలంటీర్లే. నెలకు మూడుసార్లు, ఒక్కోసారి మూడు నాలుగు గంటలు కలిసి తిరిగిన మామూలు మనుషులు.

అయితే ఈ అంకెలను విడిగా చూడకూడదు. పదుల కొద్దీ అధ్యయనాలను కలిపి డేవిడ్ డుబోయిస్ బృందం 2002లో, 2011లో చేసిన విశ్లేషణల్లో సగటు ప్రయోజనం ఒక మోస్తరుగానే తేలింది. 2019లో 70 అధ్యయనాలను కలిపి చూసినప్పుడూ అదే మాట. సగటు వెనక దాగిన తేడాలే అసలు పాఠం.

వదిలేస్తే

1995 నాటి అదే సమాచారాన్ని జీన్ గ్రాస్‌మన్, జీన్ రోడ్స్ 2002లో వేరే కోణంలో చూశారు. ఏడాది, అంతకంటే ఎక్కువ నిలిచిన జంటల్లో పిల్లలకు అన్నిటికంటే ఎక్కువ మేలు జరిగింది. మూడు నెలల లోపే తెగిపోయిన జంటల్లో పిల్లల ఆత్మగౌరవం మెంటార్ అసలు దొరకని వాళ్లకంటే కూడా పడిపోయింది. పైగా తెగే జంటలు ఎక్కువగా వయసు పెరిగిన పిల్లలవీ, వేధింపులకు గురైన పిల్లలవీ. అంటే తోడు ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే తోడు ముందు తెగుతోంది. ఈ రంగంలో ఇంతకంటే బాధపెట్టే వాస్తవం నాకు కనిపించలేదు. కాలేజీ విద్యార్థులను ఒక సెమిస్టర్ సర్టిఫికెట్ కోసం పంపే కార్యక్రమాలు దీన్ని గోడ మీద రాసి పెట్టుకోవాలి. వేసవి వరకే ఉండగలిగినవాళ్లను విడిగా ఒక పిల్లవాడికి జత చేయకుండా, గుంపుగా ఆడించే పనికో చదివించే పనికో వాడుకోవడం మేలు.

బడిలోనే జరిగే మెంటారింగ్‌కు ఇది మరీ పెద్ద చిక్కు. 2007లో 1,139 మంది పిల్లలతో జరిగిన అమెరికా అధ్యయనంలో మొదటి ఏడాది చదువులో కనిపించిన మెరుగుదల రెండో ఏడాదికి మిగల్లేదు. విద్యా సంవత్సరం ముగిసేసరికి చాలా జంటలు విడిపోయాయి.

ఈ లోటును పూడ్చడానికే ఒరెగాన్‌లోని పోర్ట్‌లాండ్‌లో 1993లో ఫ్రెండ్స్ ఆఫ్ ది చిల్డ్రన్ మొదలైంది. అక్కడ మెంటారింగ్ జీతంతో చేసే పూర్తికాల ఉద్యోగం. ఒక్కొక్కరికీ కొద్దిమంది పిల్లలే ఉంటారు. ఒకటో తరగతి ముందే పిల్లలను ఎంచుకుని, పన్నెండేళ్లకు పైగా, ఇంటర్ దాకా వదలరు. ఖర్చు చాలా ఎక్కువ. అయినా ఐదేళ్ల వయసులోనే అత్యంత కష్టమైన పరిస్థితుల్లో ఉన్న పిల్లల కోసమైతే ఆ ఖర్చు సబబే అనిపిస్తుంది.

మంచి మనసుతో చేసిన కీడు

ఇక్కడ ఒక పాత ప్రయోగం గురించి వివరంగా చెప్పుకోవాలి. హార్వర్డ్ వైద్యుడు రిచర్డ్ క్యాబట్ 1930లలో మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్, సోమర్‌విల్ పట్టణాల్లో 506 మంది అబ్బాయిలను ఎంచుకున్నారు. ఒకేలాంటి నేపథ్యాలున్న వాళ్లను జంటలుగా కూర్చి, ఒక్కో జంటలో ఒకరిని సహాయానికి, ఇంకొకరిని పోలికకు ఉంచారు. సహాయం అందిన వాళ్లను సగటున ఐదేళ్లకు పైగా ఒక సలహాదారు నెలకు రెండుసార్లు కలిశాడు. చదువు చెప్పించారు, వైద్యం చేయించారు, కొందరిని వేసవి శిబిరాలకు పంపారు. 1939లో మొదలై 1945లో ముగిసింది.

ముప్పై ఏళ్ల తర్వాత పరిశోధకురాలు జోన్ మెకార్డ్ దాదాపు అందరినీ వెతికి పట్టుకున్నారు. సహాయం పొందినవాళ్లలో మూడింట రెండు వంతుల మంది అది తమకు మేలు చేసిందన్నారు. రికార్డులు మాత్రం వేరే చెప్పాయి. రెండోసారి నేరం చేయడం, తాగుడు, తీవ్ర మానసిక వ్యాధి, చిన్న వయసులో మరణం వంటివాటిలో సహాయం పొందినవాళ్లే కాస్త ఎక్కువగా ఉన్నారు. 1978లో ఈ ఫలితాలు అచ్చయినప్పుడు సేవా రంగంలోని వాళ్లకు మింగుడుపడలేదు. తర్వాత లోతుగా చూస్తే ఒక ఆచూకీ దొరికింది. ఎక్కువ చెడిపోయినవాళ్లు ఒకటికి మించి వేసవి శిబిరాలకు వెళ్లినవాళ్లు.

టామ్ డిషియన్ అనే పరిశోధకుడి ప్రయోగశాలలో తీసిన వీడియోలు దీనికి కారణం చూపించాయి. ఇద్దరు కుర్రాళ్లను కూర్చోబెట్టి మాట్లాడుకోమంటే, రూల్స్ తప్పిన కథలు వచ్చినప్పుడు అవతలివాడు నవ్వేవాడు, మామూలు మాట వచ్చినప్పుడు ఊరుకునేవాడు. ఆ నవ్వు ఎంత ఎక్కువగా దొరికితే తర్వాతి ఏళ్లలో తప్పుదారి అంత ఎక్కువైంది. డిషియన్, మెకార్డ్, పూలాన్ 1999లో రాసిన వ్యాసం దీన్నంతటినీ ఒకచోట చేర్చింది. దూకుడు పిల్లలను ఏరి ఒకే గదిలో చేర్చి, మధ్యలో పట్టు లేని పెద్దవాణ్ణి కూర్చోబెడితే ఆ గది వాళ్లకు శిక్షణ శిబిరమవుతుంది. మన దగ్గర "మొండి పిల్లల బ్యాచ్" అని వేరుగా కూర్చోబెట్టే అలవాటు ఉన్న బడులన్నీ ఇది ఆలోచించాలి. ఒక్కరికి ఒక్కరు అన్న పద్ధతి నిలవడానికి ఇది కూడా ఒక పెద్ద కారణం.

అలాగని గుంపు పద్ధతిని పూర్తిగా తోసిపుచ్చనవసరం లేదు. జోసెఫ్ డర్లాక్ బృందం 2010లో బడి తర్వాతి కార్యక్రమాలను కలిపి విశ్లేషించింది. మెట్టు మెట్టుగా సాగుతూ, పిల్లల చేత చేయిస్తూ, ఫలానా నైపుణ్యం నేర్పుతున్నామన్న స్పష్టతతో నడిచే కార్యక్రమాల్లో సమస్యాత్మక ప్రవర్తన తగ్గింది. ఆ లక్షణాలు లేని వాటిలో తగ్గలేదు. అమెరికా ఫెడరల్ ప్రభుత్వ నిధులతో నడిచిన బడి తర్వాతి కేంద్రాలపై 2005లో వచ్చిన నివేదిక ఇంకా కలవరపెట్టింది. అక్కడి పిల్లలు సాయంత్రాలు భద్రంగా ఉన్నామని చెప్పారు, కానీ బడిలో సస్పెన్షన్లు వాళ్లకే ఎక్కువ. తలుపు తీసి పెట్టి ఒక మనిషిని కాపలా ఉంచితే భద్రత వస్తుంది, ప్రవర్తన మారదు.

పిడికిట్లో బంతి

షికాగోలో యూత్ గైడెన్స్ సంస్థ నడిపే బికమింగ్ ఎ మ్యాన్ కార్యక్రమం మంచి గుంపు పద్ధతికి ఉదాహరణ. కౌన్సెలర్ కుర్రాళ్లను ఇద్దరిద్దరిగా విడదీస్తాడు. ఒకరి చేతిలో బంతి పెడతాడు. ముప్పై సెకన్లలో దాన్ని తీసుకోమని రెండోవాడికి చెప్తాడు. దాదాపు ప్రతిసారీ పెనుగులాట మొదలవుతుంది. వేళ్లు విరిచినంత పని చేస్తారు, కింద పడతారు. సమయం అయిపోయాక కౌన్సెలర్ అడుగుతాడు: ఎవరైనా ఇవ్వమని అడిగారా? అడిగితే చులకనవుతానని ఒకడంటాడు. అడిగి ఉంటే ఇచ్చేవాణ్ణేగా, ఉత్త బంతే కదా అని అవతలివాడంటాడు. అవతలివాడి మనసులో ఏముందో తాను ఊహించుకున్నది తప్పని ఆ కుర్రాడికి తన ఒంటితోనే తెలుస్తుంది. డాడ్జ్ కనిపెట్టిన ఆ అలవాటునే ఈ ఆట పట్టి చూపిస్తుంది.

వారానికో గంట ఈ సమావేశాలు, కొందరికి బడి తర్వాత ఆటలు కూడా. షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు లాటరీ పద్ధతిలో చేసిన రెండు అధ్యయనాల ఫలితాలు 2017లో వచ్చాయి. కార్యక్రమం నడిచిన కాలంలో హింసాత్మక నేరాలకు అరెస్టులు 45 నుంచి 50 శాతం తగ్గాయి. మొదటి అధ్యయనంలోని కుర్రాళ్లలో హైస్కూలు పూర్తి చేసినవాళ్లూ పెరిగారు.

భారతదేశంలో

మన దేశంలో ప్రవర్తన సమస్యలను నేరుగా లక్ష్యంగా పెట్టుకున్న మెంటారింగ్ తక్కువ. జీవన నైపుణ్యాల పేరుతో జరిగే పని ఎక్కువ. 1999లో బెంగళూరులో మొదలైన డ్రీమ్ ఎ డ్రీమ్, బడి తర్వాత ఫుట్‌బాల్, కళలు సాధనంగా పేద పిల్లలతో పనిచేసింది. ఆ పిల్లల మార్పును కొలవడానికి ఒక కొలమానం కూడా తయారైంది. ఇతరులతో కలవడం, కష్టాన్ని దాటడం, చొరవ చూపడం, గొడవను సంభాళించుకోవడం, చెప్పింది అర్థం చేసుకుని పాటించడం అన్న ఐదు అంశాల్లో పెద్దవాళ్లు పిల్లవాణ్ణి గమనించి అంకె వేస్తారు. అదే ఏడాది ముంబైలో మొదలైన మ్యాజిక్ బస్ ఆటల ద్వారా, బస్తీల్లోని యువతీయువకులతోనే మెంటారింగ్ చేయిస్తుంది. ఒక్కరికి ఒక్కరు పద్ధతిని 2009 నుంచి బెంగళూరులోని మెంటార్ టుగెదర్ నడుపుతోంది.

అన్నిటికంటే ఆలోచింపజేసే భారతీయ ఫలితం బీహార్ నుంచి వచ్చింది. నలంద జిల్లా ప్రభుత్వ హైస్కూళ్లలో సెహర్ అనే కార్యక్రమాన్ని కొన్ని బడుల్లో టీచర్ల చేత, కొన్నింట్లో శిక్షణ ఇచ్చిన మామూలు కౌన్సెలర్ల చేత నడిపించారు. 2018లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఫలితాల ప్రకారం కౌన్సెలర్లున్న బడుల్లో ఏడిపించడం, కొట్లాటలు, దిగులు తగ్గాయి, బడి వాతావరణం మెరుగుపడింది. టీచర్లు నడిపిన బడుల్లో ఆ మార్పు రాలేదు. సెహర్ బడి వేళల్లో జరిగిన పని, బడి తర్వాతిది కాదు. అయినా టీచర్ కాని ఒక మనిషి ఎందుకు కావాలో అది చెప్తోంది. సిలబస్, పరీక్షలు, ఎన్నికల డ్యూటీలు మోసే టీచర్ మీదే ఈ బరువు కూడా వేస్తే ఎవరికీ న్యాయం జరగదు.

తెలుగు నేల మీద మెంటారింగ్ అన్న పేరు లేకుండానే దగ్గరి పని జరిగింది. 1990లలో రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్, శాంతా సిన్హా నాయకత్వంలో, పనిలో ఉన్న పిల్లలను చదువుకు సిద్ధం చేసే బ్రిడ్జి క్యాంపుల ద్వారా బడికి తెచ్చింది. ఆ పిల్లలు మళ్లీ జారిపోకుండా ఊరి యువకులే వెంట పడి చూసుకున్నారు. ఆ అనుభవం ఇప్పటి గురుకులాలకూ సంక్షేమ హాస్టళ్లకూ పనికొస్తుంది. అక్కడ సాయంత్రాలు స్టడీ అవర్‌కే పోతాయి. వందల మంది పిల్లల మధ్య ఒక వార్డెన్ ఎవరితోనూ కూర్చుని మాట్లాడలేరు. ఇల్లు వదిలి వచ్చిన ఐదో తరగతి పిల్లవాడు అర్ధరాత్రి మంచం విరగ్గొడితే దాని వెనకేముందో అడిగేవాళ్లు కావాలి. అదే హాస్టల్లో చదివి ఇప్పుడు డిగ్రీలో ఉన్న అన్నలూ అక్కలూ వారానికోసారి రాగలిగితే కొత్త భవనాలేవీ అక్కర్లేదు.

జాగ్రత్తలు

పిల్లలతో ఒంటరిగా గడిపే వాలంటీర్‌కు పోలీస్ వెరిఫికేషన్, ఇద్దరి పరిచయస్తుల హామీ తప్పనిసరి చేయాలి. మొదటి నెలల్లో నలుగురూ కనిపించే చోటే, బడి వరండాలోనో మైదానంలోనో, కలవాలి. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసీ చెప్పకపోవడం 2012 నాటి పోక్సో చట్టం కింద నేరమన్న సంగతి ప్రతి మెంటార్‌కూ ముందే చెప్పాలి. తల్లిదండ్రులను ఈ ఏర్పాటులోకి తీసుకురాకుండా మొదలుపెట్టకూడదు. తమ స్థానం ఎవరో లాక్కుంటున్నారని తల్లి అనుకుంటే ఆ బంధం నిలవదు.

ముగింపు కూడా ప్రణాళిక ప్రకారం జరగాలి. మెంటార్ ఉద్యోగం మారినా, పెళ్లై ఊరు వదిలినా, కనీసం నెల ముందు పిల్లవాడికి తన నోటితో తానే చెప్పాలి. ఎందుకు వెళ్తున్నాడో చెప్పాలి. అందులో నీ తప్పేమీ లేదని కూడా చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి పిల్లలు ఎవరు వెళ్లిపోయినా తమ వల్లేననుకుంటారు.

జంతువులను హింసించడం, నిప్పు పెట్టడం, ఆయుధం పట్టుకోవడం, తనను తాను గాయపరచుకోవడం కనిపిస్తే అది మెంటార్ చేతిలో ఉండే పని కాదు. ఏడీహెచ్‌డీ, కుంగుబాటు వంటివి కూడా పైకి మొండితనంలాగే కనిపిస్తాయి. వాటికి వైద్య పరీక్ష కావాలి. ప్రభుత్వ టెలి మానస్ సేవ 14416లోనూ, చైల్డ్ లైన్ 1098లోనూ ఉచితంగా అందుతాయి. చికిత్స మొదలయ్యాక మెంటార్ తప్పుకోనక్కర్లేదు. మందులు ఇచ్చేది డాక్టరే అయినా, ఆదివారం సాయంత్రం క్యారమ్స్ ఆడటానికి వచ్చే అన్న అవసరం అప్పుడూ ఉంటుంది.